అడాప్టర్ మారిస్తే వోల్టేజీ మారదు

ఇప్పుడే గుంటూరు పెళ్లి నుంచి బెజవాడ వచ్చాను. చీర కూడా మార్చుకోకుండా ఇది రాస్తున్నా. ఒళ్లు మండిపోతోంది.

వారం కిందట బీసెంట్ రోడ్డులో ఒక షాపులో హీటెడ్ రోలర్లు కొన్నాను. పెట్టెలోని రాడ్ల మీద పెట్టి వేడి చేసి, జుట్టు చుట్టుకుంటే వంపులు తిరుగుతుంది. బాబాయి కూతురి పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం. ఆ వేళకి పార్లర్ అమ్మాయి పెళ్లికూతురినే చూసుకుంటుంది, మన జుట్టు మనమే చూసుకోవాలి. "ఫారిన్ పీస్ మేడమ్, ప్రయాణాలకని చేసిందే, ఎక్కడైనా పనిచేస్తుంది" అన్నాడు షాపువాడు. పిన్నులు మన సాకెట్లో పట్టవు కదా అంటే ఒక అడాప్టర్ కూడా అంటగట్టాడు.

ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. రెండు నిమిషాలకే కాలిన వాసన, ఆ వెంటనే ఫట్! రూమంతా చీకటి. పిన్నీసులు పళ్ల మధ్య పట్టుకుని పెళ్లికూతురి కుచ్చిళ్లు సర్దుతున్న మా పెద్దమ్మ అలాగే బిగుసుకుపోయింది. ఫోన్ లైటు వేసి పెట్టె తిరగేస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలు: 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అది అమెరికా కరెంటు! మనది 230. ఒక రోలరు మీది వెల్వెట్ పొర నల్లగా ముడుచుకుపోయి రాడ్డుకి అతుక్కుంది.

అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది, అంతే. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలకు దగ్గరవుతుంది. రోజూ ఇవే అమ్మేవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను. ఆడవాళ్లు లేబుల్ చదవరని ధీమా! ప్రయాణానికి కొనేవాళ్లు అట్టపెట్టె మీది బొమ్మ చూడకండి, వస్తువు అడుగున చూడండి. 100-240 వోల్టులని ఉండాలి, లేదా వోల్టేజీ మార్చుకునే స్విచ్ ఉండాలి. ఇరవై రోలర్ల సెట్టు అసలే వద్దు, సూట్‌కేసులో సగం అదే తినేస్తుంది. నడినెత్తికి, ముఖం పక్కలకి పెద్దవి ఆరేడు చాలు. చుట్టాక పూర్తిగా చల్లారేదాకా తీయకండి, వంపు నిలబడేది చల్లారేటప్పుడే. వేడి మీద లాగేస్తే మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి మంగళగిరి దాటకముందే జారిపోతుంది.

చల్లారేదాకా కూర్చోవడానికి మనకి టైం ఎవరిస్తారు? అసలు మంట అక్కడే ఉంది. లక్షలు పోసి కల్యాణ మండపం తీసుకుంటారు. ఆడవాళ్ల రూములో పద్నాలుగు మందికి ఒక్క అద్దం, ఒక్క సాకెట్. ఆ ఒక్కదాంట్లోనూ మామయ్య ఫోను ఛార్జింగ్! అది తీసి నా ప్లగ్గు పెట్టానని, కరెంటు పోగానే అందరూ నా మీద పడ్డారు. "ఇప్పుడు నీ జుట్టు అంత ముఖ్యమా?" అని అన్నయ్య నలుగురి ముందు అన్నాడు. తను మాత్రం తలకి రంగు వేయించుకుని మరీ వచ్చాడు.

నా పెళ్లి రిసెప్షన్ రోజు కూడా ఇంతే. "పెద్దవాళ్లు వెయిట్ చేస్తున్నారు, అయిందా, అయిందా" అని తలుపు బాదుతుంటే తడి జుట్టు ముడేసుకుని స్టేజీ ఎక్కాను. పన్నెండేళ్లయింది, ఆ ఆల్బమ్ నేను ఇప్పటికీ తెరవను.

కాలిన పెట్టె బ్యాగులోనే ఉంది. రేపు షాపు తెరిచే వేళకి నేను బీసెంట్ రోడ్డులో ఉంటాను.