సరిహద్దు దగ్గర ఆగిపోతున్న కిడ్నీ పరీక్ష

కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం అనగానే ఆంధ్రలో శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస గుర్తుకొస్తాయి. ఇచ్ఛాపురం దాటి గిరిసోలా చెక్‌పోస్టు దగ్గరికి రాగానే ఆ మాట వినిపించడం ఆగిపోతుంది. నేల మాత్రం అక్కడ ఆగదు. అవే కొబ్బరి తోటలు, అవే జీడి తోటలు, అదే ఎండ, అదే కూలి పని. ఒడిశాలోని గంజాం జిల్లా తీరం వెంట గోపాలపూర్ దాకా తెలుగు మాట్లాడే బెస్తవాళ్లున్నారు. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య దూరమే లేదు, బంధుత్వాలు ఇటూ అటూ అల్లుకుని ఉన్నాయి. అటు, ఆంధ్ర వైపు పల్లెల్లో ఇంటింటి సర్వేలు జరిగాయి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. ఇవేవీ ఊరికే రాలేదు, జనం ఏళ్ల తరబడి గొంతెత్తితే వచ్చాయి. ఇటు, ఒడిశా వైపు తెలుగువాళ్ల ఊళ్లలో ఆ గొంతు లేవలేదు. ముందు కిడ్నీ పాడైందని తెలిస్తే కదా, గొంతెత్తేది!

ఉద్దానంలో జబ్బుకు అసలు కారణం తేలలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం అన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలో ఉందన్నారు. ఏ ఒక్కదాని మీదా నేరం రుజువు కాలేదు. శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులకూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు కోత కూలీలకూ ఇలాంటి జబ్బే ఉంది. అన్ని చోట్లా కనిపించేది వేడి ప్రాంతం, పేదరికం, ఎండలో వంగి చేసే పని. 2018లో అచ్చయిన ఒక సర్వేలో ఉద్దానంలో పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరూ బీపీ కారణం కాదు.

కారణం తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? నికరాగ్వా చెరకు తోటల్లో అలా కూర్చోలేదు. కూలీలకు నీడ, విరామం, మంచినీళ్లు కచ్చితంగా అందేలా చూశారు. కిడ్నీ దెబ్బతినే కేసులు తగ్గాయి. మన సరిహద్దు జిల్లాలకు నేను కోరేది కూడా ఈ తీరు ఆలోచనే. కారణం వెతకడం పరిశోధకుల పని, అది సాగనివ్వండి. జబ్బును ముందే పట్టుకోవడం ప్రభుత్వ పని. దానికి ఏ పరిశోధనా అడ్డు కాదు.

ఎందుకు ముందే పట్టుకోవాలో చెప్పాలంటే కిడ్నీ పని తీరు కొంచెం తెలియాలి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల జల్లెళ్లు ఉంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, లీటరున్నర, రెండు లీటర్లు మూత్రంగా పంపి మిగతాది వెనక్కి తీసుకుంటాయి. సగం జల్లెళ్లు పోయినా మిగతావి ఆ బరువు మోస్తాయి. పదిమంది మోయాల్సిన పల్లకీని ఐదుగురు మోస్తున్నా లోపల కూర్చున్నవాడికి తెలియనట్టే, మనిషికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు. మూత్రం మామూలుగానే వస్తుంది. కాళ్ల వాపు, వాంతులు, ఆయాసం వచ్చి ఆసుపత్రికి వెళ్లేసరికి చాలామందికి మిగిలేది డయాలసిస్ దారే.

క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది. ఈ పరీక్ష చేయించినా సరిగ్గా చదవడం లేదన్నది నా బాధ. రిపోర్టులో 1.4 ఉంటే 'కొంచెం ఎక్కువ, నీళ్లు బాగా తాగు' అని పంపేస్తారు. వయసు, ఆడా మగా చూసి లెక్కగడితే, 50 ఏళ్ల మగవాడికి 1.4 అంటే వడపోత సామర్థ్యం, అంటే ఈజీఎఫ్‌ఆర్, 61 దగ్గర ఉన్నట్టు. అదే వయసు ఆడమనిషికి అదే 1.4 అంటే 46. మూడు నెలల పాటు 60 కంటే తక్కువుంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క, 15 కంటే తగ్గితే ఫెయిల్యూర్. అంటే ఆ 46 మూడు నెలలు అలాగే ఉంటే ఆమెకు అప్పటికే జబ్బు ఉన్నట్టే. ఇక బక్కపలచని కూలి మనిషికి కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ ఉండాల్సినంత కనబడకపోవచ్చు కూడా. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూడడం షుగరు రోగులకు ప్రాణాధారం. ఉద్దానం తరహా జబ్బులో మాత్రం జల్లెడ కంటే దాని పక్కనుండే సన్నని గొట్టాలు ముందు దెబ్బతింటాయి, మొదట్లో ఆల్బుమిన్ పెద్దగా పోదు. అందుకే రక్తం, మూత్రం రెండూ చూడాలి.

సాయంత్రం పూట ఊళ్లో మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఇంకో సంగతి తెలుస్తుంది. పడవ దిగి వచ్చినవాడు, మట్టి మోసి వచ్చిన ఆడమనిషి 'ఒళ్లు నొప్పులకు ఒక సెట్టు ఇవ్వండి' అంటారు. చిన్న కాగితం పొట్లంలో మూడు నాలుగు రంగుల బిళ్లలు వస్తాయి. చీటీ ఉండదు, పేరు ఉండదు. అందులో డైక్లోఫెనాకో అసిక్లోఫెనాకో ఉంటుంది. ఒళ్లు ఎండి, నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఈ మందు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది. ఒకసారి వేసుకుంటే పోయేదేమీ ఉండకపోవచ్చు, రోజూ సాయంత్రం వేసుకునేవాళ్ల గురించే నా టెన్షన్. నొప్పికి పారాసిటమాల్ మోతాదు మించకుండా వాడుకోవడం చాలా నయం. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లే కుర్రాళ్లు ఉక్కపోతలో గంటల తరబడి నిలబడి పనిచేస్తారు. సెలవుకు ఊరొచ్చినప్పుడైనా వాళ్లకు రక్తపరీక్ష చేయించాలి.

జబ్బు ముదిరినవాళ్ల ఇళ్లలో ప్రేమే ప్రమాదం తెస్తుంది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు కొబ్బరి బొండాలు తెస్తారు. కిడ్నీ పనిచేయనివాడి ఒంట్లో ఆ బొండాల్లోని పొటాషియం పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. మన దగ్గర కరమంగ అనే నక్షత్రం పండు కూడా అంతే, దానిలోని విషం ఎక్కిళ్లతో మొదలై ఫిట్స్ దాకా తీసుకెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి మంచిదైనది రోగికీ మంచిదే అనుకుని పెట్టకండి, డాక్టరును అడగండి. పసరు మందులు, భస్మాలు కిడ్నీని బాగుచేస్తాయని చెప్పేవాళ్ల మాట అసలు వినకండి.

ముందే దొరికితే చేయగలిగింది నిజంగానే ఉంది. బీపీ అదుపు, ఉప్పు తగ్గించడం, ఆల్బుమిన్ పోతుంటే దానికి తగిన బీపీ మందు. డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు చాలామంది రోగుల్లో కిడ్నీ పాడయ్యే వేగాన్ని తగ్గిస్తుందని 2020లో రుజువైంది. అదే ఏడాది మన దేశంలో పేటెంటు ముగిసి ధర బాగా దిగింది. నెల నెలా మందు కొనుక్కునే ఖర్చుకూ, వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకునే బతుకుకూ పోలికే లేదు.

ఒడిశాలో ఏర్పాట్లు లేవని కాదు. ఉచిత పరీక్షలకు నిదాన్, ఉచిత మందులకు నిరామయ, డయాలసిస్‌కు సహాయ్ పథకాలున్నాయి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరాక ఆ కార్డు వేరే రాష్ట్రాల్లో గుర్తింపున్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. వీటన్నిటి దగ్గరికీ రోగే వెళ్లాలి. నొప్పి లేని జబ్బుకు ఎవరూ వెళ్లరు, పరీక్షే ఊళ్లోకి రావాలి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఎండలో పనిచేసే వాళ్లందరికీ 30 దాటాక ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష సబ్ సెంటర్లోనే జరగాలి. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ తప్పనిసరిగా వేయాలి. ఆశా కార్యకర్త దాన్ని ఒడియాలోనో తెలుగులోనో, ఆ ఇంటి భాషలో చెప్పాలి. పలాస, బరంపురం వైద్యులు ఒకే పద్ధతిలో లెక్కలు రాసి ఒకరికొకరు చూపించుకోవాలి. అప్పుడే ఈ జబ్బు సరిహద్దుకు ఇవతల ఏ ఊళ్లో ఎంత ఉందో కాగితం మీదికి వస్తుంది.

ఇప్పటికే ఈజీఎఫ్‌ఆర్ 30 కిందికి జారినవాళ్లకు ఒక్కమాట. ఎక్కువగా వాడని చేతిని దాచుకోండి, ఆ చేతికి సెలైనూ ఎక్కించనివ్వకండి, రక్తమూ తీయనివ్వకండి. రేపు డయాలసిస్‌కు ఫిస్టులా, అంటే రెండు రక్తనాళాలను కలిపి చేసే దారి, పెట్టేది ఆ చేతికే, అది వాడకానికి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. నర్సు సూది తెచ్చినప్పుడు రెండో చెయ్యి చాపండి.