పక్క దేశమే కదా అనుకుంటేనే చిక్కు

జర్మనీలోని కాన్‌స్టాంజ్, స్విట్జర్లాండ్‌లోని క్రాయిట్స్‌లింగెన్ ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఊళ్లు. అలా నడుచుకుంటూ పోతే ఎప్పుడు దేశం మారామో కూడా తెలియదు. సరస్సు ఒడ్డున ఉన్న పాత కంచెను తీసేసి, 2007లో ఆ గీత మీద శిల్పాలు నిలబెట్టారు. ఇల్లు ఇటు, ఉద్యోగం అటు. అబ్బాయి ఇటు, అమ్మాయి అటు. 2020 మార్చిలో కొవిడ్ వచ్చేసరికి అదే చోట మళ్లీ కంచె లేచింది. జనం ఆ కంచె సందుల్లోంచే చేతులు పట్టుకున్నారు, ముద్దులు పెట్టుకున్నారు. దాంతో వైరస్ అంటుకుంటుందని కాస్త ఎడంగా రెండో కంచె కూడా వేశారు. మే నెల మధ్యలో తీసేసేదాకా ఆ జంటలు ఖాళీకి అటూ ఇటూ ఉండే మాట్లాడుకోవాల్సి వచ్చింది.

పక్క దేశానికి మకాం మార్చాలనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పేది భయపెట్టడానికి కాదు. దూర దేశం వెళ్లేవాళ్లు ఏడాది ముందు నుంచే వీసా, ఇన్సూరెన్స్, పన్ను, పిల్లల చదువు అంటూ ఒక్కొక్కటీ ఆరా తీస్తారు. పక్క దేశమైతే మాత్రం ‘ఎంతసేపు, రెండు గంటల్లో ఇంటికొచ్చేస్తాం’ అంటారు. భాష దాదాపు ఒకటే, వాతావరణమూ అదే, వచ్చిపోవడం సులువు. ఈ సులువే మనల్ని ఏమరుపాటులో పడేస్తుంది. చట్టం కిలోమీటర్లు చూడదు, పౌరసత్వం చూస్తుంది.

దీనికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కంటే పెద్ద ఉదాహరణ నాకు కనిపించదు. 1973 నుంచి ఈ రెండు దేశాల వాళ్లు అటూ ఇటూ స్వేచ్ఛగా వెళ్లి ఉండొచ్చు, పని చేసుకోవచ్చు. న్యూజిలాండ్ పాస్‌పోర్టుతో ఆస్ట్రేలియాలో దిగితే చాలు, ముందుగా దరఖాస్తు అక్కర్లేకుండానే ప్రత్యేక వీసా దొరుకుతుంది. అది ఎంతకాలమైనా చెల్లుతుంది. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. కానీ 2001 ఫిబ్రవరి 26న ఆస్ట్రేలియా నిబంధనలు మార్చింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎన్నేళ్లున్నా చట్టం దృష్టిలో శాశ్వత నివాసుల లెక్కలోకి రాలేదు. ఉద్యోగం పోతే వచ్చే భృతి లాంటి చాలా సాయాలకు దూరమయ్యారు. పౌరసత్వం కావాలంటే ముందు మామూలు వలసదారుల్లాగే శాశ్వత వీసా సంపాదించుకోవాల్సి వచ్చేది. వయసు దాటినవాళ్లకు, ఆస్ట్రేలియా కోరే వృత్తుల జాబితాలో తమ వృత్తి లేనివాళ్లకు ఆ తలుపు మూసుకుపోయినట్టే అయింది. పన్ను మాత్రం అందరితో సమానంగా కట్టారు.

2014 డిసెంబరులో నిబంధనలు ఇంకా బిగిశాయి. పౌరసత్వం లేనివారికి ఏడాది, అంతకు మించి జైలు శిక్ష పడి జైల్లో ఉంటే వీసా రద్దు తప్పనిసరి అయింది. పసివయసులో ఆస్ట్రేలియా వచ్చి అక్కడే పెరిగినవాళ్లను కూడా, ఎవరూ తెలియని న్యూజిలాండ్‌కు పంపేశారు. వాళ్లు చేసింది తప్పు కాదని నేననను. కానీ ఏ దేశం బడిలో చదివి, ఏ దేశం వీధుల్లో పెరిగి మనిషి దారి తప్పాడో ఆ దేశమే ‘మావాడు కాదు’ అనడం అన్యాయం. చివరికి 2023 జులై 1 నుంచి, నాలుగేళ్లు నివాసమున్న న్యూజిలాండర్లు నేరుగా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునే వీలు కల్పించారు. మధ్యలో ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి. వచ్చినప్పుడు చేతిలో ఉన్న బిడ్డ ఈలోగా పెరిగి పెద్దయి ఉంటుంది.

వచ్చి ఉండనివ్వడం వేరు, మనవాళ్లుగా లెక్కేసుకోవడం వేరు. పక్క దేశం వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ తేడా దగ్గరే.

ఇక రెండో చిక్కు, ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి బతకడం. దూరం వెళ్లినవాళ్లు ఎలాగూ తెగతెంపులు చేసుకునే వెళ్తారు. పక్కనే కాబట్టి పాత ఇల్లు, పాత బ్యాంకు ఖాతా, పాత ఉద్యోగం అలాగే ఉంచుకుంటాం. లక్సెంబర్గ్ సంగతి చూడండి. అక్కడి ఉద్యోగుల్లో దాదాపు సగం మంది ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లే. లక్సెంబర్గ్‌లో ఇళ్ల ధరలు భరించలేక ఉద్యోగం ఉంచుకుని కాపురం సరిహద్దు దాటించినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. అలాంటి ఒకరు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తున్నారనుకుందాం. యూరోపియన్ యూనియన్ మామూలు నిబంధన ప్రకారం, నివాస దేశంలో చేసే పని 25 శాతానికి చేరితే సామాజిక భద్రత, అంటే పింఛను, ఆరోగ్య బీమా లాంటివి, ఆ దేశానికి మారిపోతుంది. 2023 జులై నుంచి ఒప్పందంలో చేరిన దేశాల మధ్య 50 శాతం లోపు దాకా సడలింపు ఉంది, అదీ దరఖాస్తు పెట్టుకుంటేనే. హమ్మయ్య అనుకునేలోపు పన్ను శాఖ లెక్క వేరేగా ఉంటుంది. పన్ను విషయంలో లక్సెంబర్గ్‌తో ఈ మూడు దేశాల ఒప్పందాలు ఏడాదికి 34 రోజుల వరకే మినహాయింపు ఇస్తున్నాయి. అది దాటితే ఇంట్లో చేసిన పనికి నివాస దేశం పన్ను అడుగుతుంది. వారానికి రెండు రోజులంటే నాలుగు నెలలు తిరగకుండానే ఆ 34 అయిపోతాయి. మనిషి ఒక్కడే, కుర్చీ ఒక్కటే, కానీ రెండు శాఖలు రెండు క్యాలెండర్లు పెట్టుకుని చూస్తాయి. ఈ టెన్షన్ పడాల్సింది ఉద్యోగి కాదు, ప్రభుత్వాలు కూర్చుని ఒకే లెక్కకు రావాలి.

రెండు దేశాలూ ‘నువ్వు మా నివాసివే’ అన్నప్పుడు ఏం చేయాలో చాలా పన్ను ఒప్పందాల్లో ఒక వరస ఉంటుంది. శాశ్వత ఇల్లు ఎక్కడ, కుటుంబ, ఆర్థిక బంధాలు ఎక్కడ గట్టిగా ఉన్నాయి, మామూలుగా ఎక్కడ ఉంటారు, ఏ దేశ పౌరులు అని ఒకదాని తర్వాత ఒకటి చూస్తారు. పాత ఇల్లు ఖాళీగా పెట్టుకున్నవాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే ఇరుక్కుంటారు. అమెరికన్లది ఇంకో ఇబ్బంది. కెనడాలో స్థిరపడినా అమెరికాకు పన్ను రిటర్ను దాఖలు చేయాల్సిందే, ఎందుకంటే అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను లెక్కలోకి తీసుకుంటుంది.

అందుకే వెళ్లేవాళ్లు ఇల్లు వెతకడానికి ముందు కాగితం మీద మూడు విషయాలు రాసుకోవాలంటాను. అక్కడ నా హోదా ఏమిటి, పదేళ్ల తర్వాత అదే హోదాలో ఉండిపోతే ఏం కోల్పోతాను, ఇక్కడి నివాసం ఏ తేదీతో ముగుస్తుంది. స్వీడన్‌లోని మాల్మోలో ఇలాంటి ప్రశ్నలకే ఒక సలహా కేంద్రం ఉంది. 2000లో ఓరెసుండ్ వంతెన తెరిచాక అటు డెన్మార్క్‌కు, ఇటు స్వీడన్‌కు తిరిగేవాళ్లు అక్కడికి వెళ్లి పన్ను, ఇన్సూరెన్స్ సంగతులు అడుగుతారు. వంతెనలకూ సరిహద్దు రోడ్లకూ అంత డబ్బు పెట్టే దేశాలు పక్కనే ఇలాంటి కేంద్రం ఒకటి తెరవడానికి ఎందుకు వెనకాడతాయో నాకు అర్థం కాదు.