నాలుగు కిలోల సన్మానం

మా బావ మెటలర్జీ ప్రొఫెసరు. పాతికేళ్లుగా ఆయనది ఒకటే పని, బరువు తగ్గించడం. ఒంటిది కాదు, అది ఆయన వల్ల కాలేదు. విమానాలది, ఈ మధ్య బ్యాటరీ కార్లది. ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగే చోట 4.5 గ్రాముల టైటానియంతో పని కానిస్తారు. ఓ బ్రాకెట్లో ముప్పై గ్రాములు తగ్గిన రోజున అక్క పాయసం వండుతుంది.

అలాంటి మనిషికి పోయిన శనివారం ఓ పెద్ద హోటల్లో సన్మానం. వేదిక వెనక 'సుస్థిర రవాణా' అని ముప్పై అడుగుల ఫ్లెక్సీ. ముఖ్య అతిథి నాలుగు డీజిల్ కార్లలో వచ్చారు, ఒక్కరే. పొదుపు మీద నలభై నిమిషాలు మాట్లాడి, బావ చేతిలో జ్ఞాపిక పెట్టి వెళ్లిపోయారు.

జ్ఞాపిక అంటే నల్ల గ్రానైటు దిమ్మ, మీద ఇత్తడి విమానం, వెనక అద్దం పలక. ఇంట్లో కాటా వేస్తే 4 కిలోల 200 గ్రాములు. గ్రానైటు సాంద్రతా, విమానాలకి వాడే అల్యూమినియం సాంద్రతా దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు. నిర్వాహకులు ఇది లెక్కగట్టే ఎంచుకుని ఉంటారు. వచ్చే ఏడు రెక్కలు కూడా బండతోనే చేయమంటారేమో.

బావకి కారెవరూ పెట్టలేదు. రాయదుర్గం మెట్రోలో స్కానర్ బెల్టు ఆగింది.

"సంచిలో ఏముంది సార్?"

"జ్ఞాపికమ్మా."

"అంటే?"

"సన్మానం."

ఆ అమ్మాయి రెండు చేతులా లేపి చూసింది. "గింత బరువుందేంది సార్! ముక్కు గూడ సూదిలెక్కుంది." పై అధికారి వచ్చి విమానం ముక్కును వేలితో తడిమాడు. "విమానాలు చేస్తరా సార్?" "వాటి బరువు తగ్గిస్తానండీ." ఆయన బండనీ బావనీ మార్చి మార్చి చూసి, మాట్లాడకుండా వదిలేశాడు. అమీర్‌పేటలో రైలు మారుతుంటే సంచి పట్టీ తెగింది. అక్కణ్ణుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకొచ్చారు.

ఇదే ఊళ్లో, కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్, హెలికాప్టర్ ఇంజన్ల కోసం ఒకే స్ఫటికంగా పోతపోసిన 60 బ్లేడ్లను 2021లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కి అందించింది. అలాంటి లోహాన్ని నమ్మాలంటే ముందు క్రీప్ పరీక్ష చేయాలి. కొలిమిలో కడ్డీ పెట్టి, బరువు వేలాడదీసి, ఎంత సాగుతుందో చూడాలి. వెయ్యి గంటలంటే 41 రోజుల పైమాట. బావ ల్యాబులో ఆ పరీక్షకు రాత్రిళ్లు కాపలా ఉండే అమ్మాయికి కాగితం మీద నెలకు 37,000 ఫెలోషిప్. ఐదు నెలలుగా పైసా రాలేదు. అడిగితే యూటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే కాగితం, దాని మీద సంతకం కాలేదంటారు. ఆ సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి శనివారం అదే వేదిక మీద, మూడో కుర్చీలో కూర్చుని జీడిపప్పు నములుతున్నాడు! హాలుకి డబ్బుంది, శాలువాలకి డబ్బుంది, బండకి డబ్బుంది. హాస్టల్ మెస్ బిల్లు కోసం ఆ పిల్ల తమ్ముడి దగ్గర అప్పు చేసింది. సిగ్గనేది ఉందా మీకు?

సోమవారం ఆ అమ్మాయే అడిగింది. "సార్, ఆ జ్ఞాపిక ఎంత తూగుతుంది? క్రీప్ మిషన్‌కి బరువు బిళ్లలు కొనే ఫైలు ఇంకా కదల్లేదు." అద్దం పలక ఊడదీస్తే సరిగ్గా నాలుగు కిలోలు. ఇప్పుడది ల్యాబులో క్రీప్ మిషన్‌కి ఇనుప తీగతో వేలాడుతోంది, ఇత్తడి విమానం ముక్కు నేలకేసి.