60 గిల్డర్లు, ఒక పూసల దండ

జెర్సీ సిటీలో నాలుగో తరగతి చదివే మా వాడికి మహత్తరమైన వేషం దక్కింది. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దీవిని డచ్చివాళ్లు స్థానికుల దగ్గర కొన్న నాటకంలో వాడు లెనాపే అనే స్థానిక తెగ నాయకుడు. దీవిని కొన్న డచ్చి అధికారి పీటర్ మినుయిట్ వేషం వేసే పిల్లాడికి తెల్ల కాలరు, పదకొండు డైలాగులు. మా వాడికి ఒక్కటీ లేదు. దీవికి వెలగా పూసలు చేతిలో పడగానే నవ్వాలి, తలూపాలి, పక్కకు తప్పుకోవాలి.

రిహార్సల్ మా హాల్లోనే. నవ్వాడు. "ఇంకాస్త ఎక్కువ నవ్వమన్నారు నాన్నా" అని మళ్లీ నవ్వాడు. వాళ్లమ్మ పూసల దండ అందుకుని, బోనసు పడ్డ ఉద్యోగిలా తలూపాడు. దీవి పోయింది. తలూపింది చాల్లేదని ఇంకోసారి. దీవి ఇంకోసారి పోయింది. అన్నాలకు లేచేలోగా మా సోఫా మీద మన్‌హట్టన్ ఏడుసార్లు చేతులు మారింది. మన సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కనీసం సాక్షులనైనా అడుగుతారు.

అసలీ బేరం సంగతి మనకు తెలిసింది 1626 నవంబరులో పీటర్ స్కాగెన్ అనే డచ్చి ప్రతినిధి రాసిన ఉత్తరం వల్ల. 60 గిల్డర్ల (అప్పటి డచ్చి నాణేలు) విలువకు దీవిని కొన్నారని అందులో ఒక్క ముక్క. పూసల ఊసే లేదు. అమ్మినవాళ్ల పేర్లూ లేవు, 'అడవి మనుషులు' అంతే. ఆ కబురు తెచ్చిన ఓడలో వచ్చిన బీవర్ అనే జంతువు తోళ్లు మాత్రం 7,246! తోలు తోలుకూ లెక్కుంది. ఆ 60 గిల్డర్లను పందొమ్మిదో శతాబ్దంలో 24 డాలర్లు చేశారు. మా వాడి వర్క్‌షీటులో ఇప్పటికీ అదే రేటు, కింద ప్రశ్న: "ఇది మంచి బేరమేనా?" ఎవరికి అన్న గడి లేదు.

ఈ డచ్చి వర్తకులు మనకు కొత్తవాళ్లేం కాదు. ఈ తీరానికి వచ్చిన హడ్సన్ అనే నావికుణ్ణి 1609లో ఓడెక్కించిన డచ్చి ఈస్టిండియా కంపెనీ అంతకు మూడు నాలుగేళ్ల ముందే మన బందరులో దుకాణం తెరిచింది. అద్దకం బట్టలు మోసిన ఆ కంపెనీయే తర్వాత కోరమండల్ తీరం నుంచి మనుషుల్ని కూడా బతావియాకు (ఇప్పటి జకార్తా) బానిసలుగా మోసుకుపోయింది. అక్కడా పూసలిచ్చారేమో, వర్క్‌షీటును అడగాలి.

మేం రోజూ రైలెక్కే ఈ ఒడ్డు పేరు అప్పట్లో పవోనియా. వేరే తెగల దాడికి తట్టుకోలేక పారిపోయి వచ్చిన లెనాపే జనం ఇక్కడ తలదాచుకున్నారు. 1643 ఫిబ్రవరి 25 రాత్రి డచ్చి గవర్నరు కీఫ్ట్ సైనికుల్ని పంపి, నిద్రలో ఉన్నవాళ్లను నరికించాడు. ఎనభై మంది దాకా చచ్చారు. తల్లుల ఒళ్లోని పసిపిల్లలు సహా.

ఇది పాఠంలో ఎందుకు లేదని టీచరమ్మకు రాశాను. పిల్లల వయసుకు తగదట. ఆ రాత్రి ఎవడడిగాడమ్మా వయసు? నరికే ముందు ఏ తరగతో కనుక్కున్నారా?

జవాబు చివర ఇంకో లైను కూడా ఉంది. శుక్రవారానికి పూసలు మేమే తెచ్చుకోవాలి. రంగురంగులవైతే మంచిదట.