స్లాటు దొరికినా ఓటీపీ రాదు

2025 వానాకాలం పత్తిని మద్దతు ధరకు అమ్ముకోవాలంటే భారత పత్తి సంస్థ కొనుగోలు కేంద్రానికి బండి తోలుకుపోతే సరిపోలేదు. ముందుగా ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకొని, ఆధార్, భూమి, సాగు విస్తీర్ణాల వివరాలు సరిపోలాయనిపించుకొని, ఆపై ఏ జిన్నింగ్ మిల్లుకు (పత్తి నుంచి గింజ వేరుచేసే మిల్లు) ఏ రోజు సరుకు తెస్తారో స్లాటు బుక్ చేసుకోవాల్సి వచ్చింది. పొడవు పింజ పత్తికి ఆ సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. వ్యాపారి చేతికి అంతకన్నా తక్కువకు తెగనమ్ముకునే రైతుకు యాప్‌లో పేరు లేకపోవడమంటే ఆ తేడానంతా వదులుకోవడమే.

ఈ ఏర్పాటు వెనక ఉన్న ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. మిల్లుల ముందు ట్రాక్టర్లు రాత్రింబగళ్లు బారులు తీరడం, రైతుల పేరు చెప్పి దళారులు సరుకు దించడం పత్తి మార్కెట్ల గురించి తెలిసినవారికి కొత్త సంగతులు కావు. తేదీ ముందే తెలిస్తే కిరాయి బండి ఒక్క రోజుతో సరిపోతుంది. అయితే పత్తి తేదీ చూసుకొని ఆరదు. తేమ 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం మించితే కొనుగోలే లేదు. అక్టోబరు ఆఖరులో మొంథా తుపాను వరంగల్, ఖమ్మం ప్రాంతాల్లో చేలమీది పత్తిని తడిపేసినప్పుడు, స్లాటు ఉన్న రైతు దగ్గర ఆరిన పత్తి లేదు. ఎండ కాసి పత్తి ఆరేసరికి స్లాటు గడువు దాటిపోయే ప్రమాదం. కూలీలు దొరికినప్పుడే ఏరుడు సాగే పంటకు రైల్వే టికెట్టు పద్ధతి అతకదని రూపకర్తలకు ముందే తోచి ఉండాల్సింది.

అంతకన్నా మౌలికమైన చిక్కు ఓటీపీ వచ్చే ఫోన్ నంబరుదే. ఆధార్‌కు ఎప్పుడో ఇచ్చిన నంబరు ఇప్పుడు రైతు చేతిలో ఉందన్న నమ్మకం లేదు. రీచార్జి లేక, వాడకం లేక 90 రోజులు గడిస్తే సిమ్ రద్దయి ఆ నంబరు వేరొకరికి పోవచ్చు. చాలా ఇళ్లలో నంబరు హైదరాబాదులో పనిచేసే కొడుకుది. అతను డ్యూటీలో ఉంటే ఓటీపీ గడువు తీరిపోతుంది. ఇక కౌలు రైతు సంగతి సరేసరి. పట్టా ఒకరిది, పత్తి మరొకరిది అయినచోట పట్టాదారు దయ లేనిదే నమోదు ముందుకు కదలదు. కౌలుదారులకు గుర్తింపు కార్డులివ్వడానికి ఉమ్మడి రాష్ట్రం 2011లో చేసిన చట్టాన్ని తెలంగాణలో అటకెక్కించిన తప్పు యాప్‌ది కాకపోయినా, ఆ తప్పుకు యాప్ తాళం వేసినట్టయింది.

ఫోన్‌లో సేవలు అందించడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ఇందుకు మంచి ఉదాహరణ. ధ్రువపత్రం కోసం అందులో అడగవచ్చు, అది చేతకానివారు గ్రామ సచివాలయానికే వెళ్లవచ్చు. 2004 నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటర్‌కు మామూలు మీటల ఫోన్ చాలు, తెలుగులో మాట్లాడితే చాలు. చదువు, డేటా, ఓటీపీ ఏవీ అడగని ఆ పాత సేవే రైతుకు ఎక్కువ దగ్గర. ఈ రెంటిలోనూ ఫోన్ అదనపు దారి. పత్తి విషయంలో మాత్రం పాత దారి మూసి కొత్తది తెరిచారు.

తెలంగాణలో ప్రతి 5,000 ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారి, ఆ క్లస్టర్‌కొక రైతు వేదిక (రైతుల సమావేశ భవనం) ఇప్పటికే ఉన్నాయి. వచ్చే సీజనుకు ముందే ఆ వేదికల్లో నమోదు, నంబరు మార్పు, స్లాటు బుకింగు రైతు వేలిముద్రతో జరిగేలా పత్తి సంస్థ, రాష్ట్ర వ్యవసాయ శాఖ కలిసి ఏర్పాటు చేయాలి. వాన పడిన మండలాల్లో స్లాట్లను రైతు అడగకుండానే వెనక్కి జరపాలి. ఫోన్ లేకుండా మిల్లుకు వచ్చిన రైతు పత్తిని కాగితం మీద రాసుకొని తూకం వేసే కౌంటరు ప్రతి కేంద్రంలోనూ ఒకటుండాలి.