లాగిన్ కాలేదంటే, ఎవరి లాగిన్?

సొంత గేమ్ సర్వర్ పెట్టుకునేవాళ్లు తల పట్టుకునేది చాలాసార్లు లాగిన్ దగ్గరే. పాస్‌వర్డ్ మారుస్తారు, రీస్టార్ట్ చేస్తారు, చివరికి అంతా చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. సమస్య ఉన్న చోటు మాత్రం వేరు. ఎందుకంటే ఇక్కడ లాగిన్లు మూడు. సర్వర్ ఫైళ్లు దించుకోవడానికి మనం చేసేది ఒకటి. గేమ్ కంపెనీకి సర్వర్ తన గుర్తింపు చూపించుకునేది రెండోది. ఆటగాడు లోపలికి వచ్చేటప్పుడు జరిగేది మూడోది. ఏది ఆగిందో తేల్చుకోకుండా చేసే రిపేరంతా చీకట్లో రాళ్లేయడమే.

మొదటిదాంట్లో ఎక్కువమందికి ఎదురయ్యేది స్టీమ్‌సీఎండీ, అంటే స్టీమ్ అనే ఆటల దుకాణం నుంచి సర్వర్ ఫైళ్లు దించే కమాండ్ టూల్. వాల్‌హైమ్, రస్ట్ లాంటి ఆటల సర్వర్లకు 'అనానిమస్' (పేరు చెప్పని) లాగిన్ చాలు, అకౌంట్ అక్కర్లేదు. కొన్నిటికి మాత్రం అసలు అకౌంటే కావాలి. అలాంటి చోట అనానిమస్‌గా వెళ్తే 'నో సబ్‌స్క్రిప్షన్' అని వస్తుంది. అది పాస్‌వర్డ్ గొడవ కాదు, ఆ ఫైళ్లు దించుకునే హక్కు ఆ లాగిన్‌కు లేదని అర్థం. పాస్‌వర్డ్ నిజంగా సరైనదే అయినా 'ఇన్వాలిడ్ పాస్‌వర్డ్' అంటుంటే, అందులో డాలర్ గుర్తో ఆశ్చర్యార్థకమో ఉందేమో చూడండి. లైనక్స్ షెల్ వాటిని తన ఆదేశాలుగా తీసుకుని మింగేస్తుంది, అవతలికి చేరేది వేరే పాస్‌వర్డ్. సింగిల్ కోట్స్‌లో పెడితే సరి.

ఇంతకన్నా మొండిది 'రేట్ లిమిట్', అంటే వరుసగా ఎక్కువసార్లు ప్రయత్నిస్తే పడే అడ్డు. సర్వర్ క్రాష్ అయిన ప్రతిసారీ అప్‌డేట్ స్క్రిప్ట్ మళ్లీ లాగిన్‌కు ప్రయత్నిస్తుంది. స్టీమ్ గార్డ్ కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత జరిగే రెండో తనిఖీ) అడిగితే ఇచ్చేవాళ్లు లేక విఫలమవుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. కాసేపటికి స్టీమ్ తలుపు మూసేస్తుంది. అప్పుడు స్క్రిప్ట్ ఆపి ఎదురుచూడటమే మందు. అసలు ఏళ్ల తరబడి కొన్న ఆటలున్న సొంత అకౌంట్ పాస్‌వర్డ్‌ను స్క్రిప్ట్‌లో రాసిపెట్టడమే నాకు మింగుడుపడదు. సర్వర్ కోసం విడిగా ఒక అకౌంట్ తెరుచుకోవడానికి పట్టేది కొన్ని నిమిషాలే.

రెండోది టోకెన్ వ్యవహారం, అంటే సర్వర్ తన గుర్తింపుగా చూపించే రహస్య కోడ్. కౌంటర్-స్ట్రైక్ సర్వర్ బయటివాళ్లకు కనిపించాలంటే స్టీమ్‌లో ఆ ఆట నంబరైన 730కి తీసుకున్న టోకెన్ ఉండాలి. వేరే ఆట నంబరుకు తీసుకున్నదైతే పనిచేయదు. ఒకే టోకెన్‌ను రెండు సర్వర్లకు పెట్టకూడదు.

ఇక మూడోది, ఆటగాడి లాగిన్. మైన్‌క్రాఫ్ట్‌నే చూద్దాం. 'ఇన్వాలిడ్ సెషన్' అని వస్తే చాలావరకు ఆటగాడి లాంచర్‌లోనే పాతబడిన సెషన్ ఉంటుంది. మూసి మళ్లీ తెరిస్తే పోతుంది. కానీ జనం ఇచ్చే సలహా వేరు: ఆటగాడి అకౌంట్‌ను తనిఖీ చేసే 'ఆన్‌లైన్-మోడ్' సెట్టింగ్‌ను ఫాల్స్ చేసెయ్. నిజమే, ఎర్రర్ మాయమవుతుంది. తాళం తిరగలేదని తలుపే పీకేస్తే తాళం సమస్య ఉండదు కదా! ఆ తర్వాత మీరు ఏ పేరును అడ్మిన్‌గా చేర్చినా, ఆ పేరు పెట్టుకుని ఎవరొచ్చినా సర్వర్‌కు అతనే అడ్మిన్. వైట్‌లిస్ట్ (అనుమతి ఉన్నవాళ్ల జాబితా) కూడా ఆపలేదు, ఎందుకంటే అక్కడ చూసే గుర్తింపు సంఖ్య కూడా పేరును బట్టే తయారవుతుంది. పైగా ఆ సంఖ్య అందరికీ కొత్తగా మారిపోతుంది కాబట్టి, పాతవాళ్లు ఖాళీ చేతులతో నిలబడతారు. వాళ్ల సామాన్లు పోలేదు, పాత సంఖ్య కింద పడి ఉన్నాయి. వెలాసిటీ లాంటి ప్రాక్సీ (ఆటగాళ్లను ముందు తాను అందుకుని లోపలి సర్వర్లకు పంపే ప్రోగ్రామ్) వెనక నడిపేటప్పుడు మాత్రం లోపలి సర్వర్లలో ఆ సెట్టింగ్ ఫాల్స్‌గానే ఉండాలి, తనిఖీ ప్రాక్సీ చేస్తుంది. అయితే ఆ లోపలి సర్వర్ల పోర్టులు (కనెక్షన్లు వచ్చే ద్వారాలు) బయటికి తెరిచి ఉండకుండా ఫైర్‌వాల్‌తో మూయాలి.

'టైమ్డ్ అవుట్' అని వస్తే మాత్రం అది లాగిన్ సమస్యే కాదు, సర్వర్ దాకా మీరు చేరనేలేదు. మైన్‌క్రాఫ్ట్‌కు 25565 టీసీపీ, కౌంటర్-స్ట్రైక్‌కు 27015 యూడీపీ పోర్టులు తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. స్నేహితులు బయటి నుంచి హాయిగా ఆడుతూ, సర్వర్ నడిపే మీరు మాత్రమే చేరలేకపోతున్నారా? చాలా రౌటర్లు ఇంట్లోంచి బయటి ఐపీకి వెళ్లిన అభ్యర్థనను తిరిగి లోపలికి పంపవు. 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ కొట్టి చూడండి.