ముందు బ్యాకప్ తీసుకోమని చివర్ల చెప్పిన మ్యాగజైన్‌కు

కంప్యూటర్ మ్యాగజైన్ గారికి,

నల్లగొండ నుంచి నీ పాత గిరాకీ రాసేది ఏమనగా, ఉభయకుశలోపరి. అంటే నేనైతే మంచిగనే ఉన్న, నువ్వే బస్టాండ్ల కనపడక శానా ఏండ్లయింది, నిన్ను వేలాడదీసే తాడుకు ఇప్పుడు చిప్స్ ప్యాకెట్లు వేలాడుతున్నయి. మొన్న అటక మీది అట్టపెట్టె దించితే నీ కాపీలు బయటపడ్డయి, 2001 నుంచి 2006 దాక. అట్టపెట్టెను తిన్న చెదలు నిన్ను మాత్రం ముట్టలే, ఆ గ్లేజ్ పేపర్ వాటికి గూడ అరగలేదేమో. కూసొని తిరగేస్తుంటే పాత కోపాలన్ని ఒక్కొక్కటే లేసినయి, అందుకే రాస్తున్న.

నీకు వంద రూపాయలు పెట్టింది నీ రాతలు చూసి గాదు, సీడీ కోసం. ఆ సంగతి నీక్కూడ ఎరుకే, సీడీ కవర్ మీద మెరుస్తుండె, నువ్వు దాని ఎనక అట్టలెక్క ఉంటుంటివి. లెక్క చెప్త చూడు. మా ఇంట్ల 56కె మోడెం, అంటే ఫోన్ లైన్ మీద నెట్ తెచ్చేది, అది ఫుల్ స్పీడ్ల నడిచినా సెకనుకు 7 కేబీ, ఆ లెక్కన 650 ఎంబీ సీడీ దిగాలంటే 26 గంటల పైన పడ్తది, అంతసేపు ఫోన్ ఎంగేజ్, నడుమ కరెంట్ పోవద్దు, మేనమామ ఫోన్ చేయొద్దు. మాకు రెండూ ఆగేటియి గాదు. గందుకని సీడీ మాకు ప్రసాదం లెక్క.

ప్రసాదం నోట్లె ఏసుకున్నంక తెలుస్తది అండ్ల ఏముందో. ముప్పై సాఫ్ట్‌వేర్లుంటే ఇరవై ఐదు 30 రోజుల ట్రయలే. మా నాయిన ఒకరోజు ఎనక నిలబడి చూసి, "ముప్పై దినాలైతే పని చెయ్యదా? మరి కొనుడెందుకురా, ఇది గూడ హైబ్రిడ్ ఇత్తనం లెక్కనే ఉన్నది, ఏడాదికోసారి దుకాణపాయన కాళ్లు పట్టుకునుడే" అన్నడు. ఆరేండ్లు సాఫ్ట్‌వేర్ లైసెన్సుల మీద నువ్వు రాసిన వ్యాసాలన్ని ఒక దిక్కు, మా నాయిన మాట ఒక దిక్కు.

నేనేమో తెలివిగల్లోన్ని అనుకొని సిస్టమ్ తేదీ ఎనకకు జరిపిన, ట్రయల్ అయిపోకుండ. మా కంప్యూటర్ల మార్చి 2002 రెండేండ్లు నడిచింది. పక్కింటి పెద్దమనిషికి రేషన్ కార్డు అర్జీ టైప్ చేసి ప్రింట్ తీసిచ్చిన, తేదీ దానంతటదే పడ్తదిగద, ఆయన తీస్కపోయి ఇస్తే ఆఫీసుల, "ఏంది తాతా, రెండేండ్ల కింద రాసి ఇయ్యాల తెచ్చినవా" అన్నరంట. ఆ తాత నాతోని నెలరోజులు మాట్లాడలే.

ఇగ నీ టిప్స్ పేజీ. నా అసలు పగ దాని మీదనే. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులన్ని దాచుకునే జాగ) ఓపెన్ చెయ్, కంట్రోల్ ప్యానెల్ కింద డెస్క్‌టాప్ల మెనూ షో డిలే అని ఉంటది, 400 ఉన్నదాన్ని సున్నా చెయ్, మెనూలు టక్కున తెరుచుకుంటయి అని రాసినవు. నిజమే, తెరుచుకున్నయి, అబద్ధం చెప్పను. ఆ నషా ఎక్కి అదే పేజీల ఉన్న మిగిలిన పద్నాలుగు టిప్పులు గూడ ఒక్క రాత్రిల చేసి పడేసిన, పొద్దుగాల విండోస్ లేవలే. అప్పుడు మళ్ల పేజీ తీసి చూస్తే అడుగున చీమ తలకాయంత అక్షరాలల్ల ఉన్నది, "ఇవన్నీ చేసే ముందు బ్యాకప్ తీసుకోండి" అని. అయ్యా, ముందు చెయ్యాల్సింది చివర్ల రాస్తరా ఎవరన్న? బాయిల దుంకినంక ఈత వచ్చా అని అడిగినట్టున్నది. పైగ బ్యాకప్ దేంట్ల తీసుకోవాలె, నా దగ్గరున్నది 1.44 ఎంబీ ఫ్లాపీ.

విండోస్ బదులు నడిపే ఉచిత సిస్టమ్ లినక్స్, దాని సీడీ ఇచ్చిన నెల ఇంకో గమ్మత్తు. స్వేచ్ఛ, స్వాతంత్ర్యం అని ఆరు పేజీలు రాసినవు, నేను కదిలిపోయిన, రాత్రికి రాత్రి ఎక్కించిన. నెట్ రాలే. నాది విన్‌మోడెం, అంటే ధర తగ్గించనీకి మోడెం చేసే పనిల సగం విండోస్ డ్రైవర్‌తోని ప్రాసెసర్ నెత్తిన పెట్టిన సరుకు, లినక్స్ల అది ఉత్త రేకు ముక్క. డ్రైవర్ నెట్ల దొరుకుతది అని నువ్వే రాసినవు! నెట్ ఎక్కనీకే గద నాకు డ్రైవర్ కావాల్సింది. చిరాకొచ్చి హార్డ్ డిస్క్ల లినక్స్ ఉన్న భాగాన్ని (పార్టిషన్) లేపేస్తే స్క్రీన్ మీద "ఎల్ ఐ" అని రెండక్షరాలు పడి ఆగిపోయింది, కంప్యూటర్‌ను లేపే లినక్స్ ప్రోగ్రామ్ లిలో సగం సచ్చి అట్ల కూసున్నది. గడియారం సెంటర్ కాడ డీటీపీ షాపాయన ఫ్లాపీతోని బూట్ చేసి ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ అనే కమాండ్ కొట్టి విండోస్‌ను మళ్ల లేపిండు, ఐదు నిమిషాలు, చాయ్ గూడ ఆయనే తాపిండు. చెడగొట్టుడు నీ దగ్గర, బాగుచేసుడు ఆయన దగ్గర నేర్చుకున్న. చందా మాత్రం నీకు కట్టిన.

ప్రాసెసర్ వేగం అంకె మీద నీ మెగాహెర్ట్జ్ పిచ్చి గూడ యాదికొస్తున్నది. 1.5 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కొన్ని పనులల్ల 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3 కంటె ఎనకబడ్డదని నీ టేబుళ్లల్లనే ఉన్నది, హెడ్డింగ్ల మాత్రం అంకె పెద్దదే రాజు. ఎద్దును కొమ్ముల పొడుగు చూసి కొన్నట్టు. ఆఖరికి 2004ల ఇంటెలే 4 గిగాహెర్ట్జ్ తెచ్చుడు బంద్ చేసుకున్నది, 2006ల దాని కొత్త ప్రాసెసర్ కోర్ 2 తక్కువ గిగాహెర్ట్జ్‌తోనే పెంటియం 4ను దాటేసింది. అప్పుడు నువ్వు, మేము ఎప్పటినుంచో ఇదే అంటున్నం అని రాసినవు చూడు, దానికి మాత్రం దండం. నా 64 ఎంబీ ర్యామ్‌ను ఏనాడన్న లెక్కల పెట్టినవా? విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ చెప్పిన మినిమమ్ 64, నీ ఎంట్రీ లెవల్ 256 కాడ మొదలు. నేను గేటు బయటనే.

34వ పేజీల ప్రింటర్‌కు నాలుగున్నర చుక్కలు, 35ల అదే ప్రింటర్ ఫుల్ పేజీ యాడ్. దీని మీద నేనేం అనను. ఇప్పుడు యూట్యూబ్ పిలగాండ్లు గూడ గదే పని చేస్తున్నరు, పేజీ తిప్పే కష్టం గూడ లేకుండ.

నీ సీడీలు ఏం చేసిన్నని అడుగుతవేమో. పారెయ్యబుద్ధి గాలే. మా నాయిన మూటగట్టి ఊరికి తీస్కపోయి జొన్న చేన్ల దారాలకు గట్టిండు, చిలుకలు బెదిరి పోనీకి. ఎండల మంచిగ మెరిసినయి, ఒక్క చిలుక రాలే, నాయిన మస్తు ఖుషీ. ఇరవై దినాలకు ఫోన్ చేసిండు, చిలుకలు అలవాటు పడి సీడీల మీదనే కూసుంటున్నయంట. "ఏమైందిరా వీటికి" అన్నడు. ట్రయల్ అయిపోయినట్టుంది నాయినా అన్న.

ఇట్లు,
ఇంక బ్యాకప్ తీసుకోని నీ పాత చందాదారు,
నల్లగొండ